తాగుడు మాన్పించే కేంద్రంలో చేర్పించడమా, ఇంట్లో ఉంచుకుని మాన్పించడమా: ఏది మేలు?

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వీధిలో తాగుడు మాన్పించడం గురించి మాట వస్తే, "ఎక్కడైనా కేంద్రంలో పడేసి రండి" అంటారు. ఆ "పడేసి" అన్న మాట నాకు ముల్లులా గుచ్చుకుంటుంది.

మా బావ చిన్నతనంలోనే ఆయన తండ్రి సూరత్ మగ్గాల పనికి వెళ్ళి, ఏళ్ళ తరబడి తిరిగి చూడలేదు. ఇప్పటికీ అక్క ఫోను ఎత్తడం ఆలస్యమైతే బావ చేతులు వణుకుతాయి. పదిసార్లు చేస్తారు. ఆ తర్వాత చెప్పులు వేసుకుని దుకాణం దారి పడతారు. తనను వదిలేస్తారన్న గుబులు కాసేపు అణగడానికే ఆయన తాగుతారు. తాగేవాళ్ళందరి కథా ఇదే కాదు, ఈ గుబులున్న వాళ్ళందరూ తాగరు. కానీ బావ విషయంలో రెండూ ముడిపడి ఉన్నాయి.

మొదటి కొన్ని రోజులకు మాత్రం ఆసుపత్రే మేలు. ఏళ్ళుగా బాగా తాగినవారు ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు రోజుల్లోనే మూర్ఛలు రావచ్చు, ఆపై మతి తప్పి ప్రాణం మీదికి రావచ్చు. బరంపురం వైద్య కళాశాల ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అన్నంలో రహస్యంగా తాగుడు మాన్పించే మాత్రలు కలపడం మాత్రం ఎవరూ చేయవద్దు. ఆ మాత్రల మీద మద్యం తాగితే ప్రాణాపాయం.

ఆ తర్వాతే అసలు ప్రశ్న. కేంద్రంలో మద్యం అందదు, ఇంటివాళ్ళకు కాస్త ఊపిరి ఆడుతుంది. ఆ లాభాన్ని నేను తక్కువ చేయను. కానీ బావను పెళ్ళికని చెప్పి తీసుకెళ్ళి ఒక కేంద్రంలో వదిలి వచ్చాం. అక్కడ నెలంతా ఫోను ఇవ్వలేదు. తిరిగి వచ్చాక ఆయన అన్న మొదటి మాట, "మీరూ వదిలేశారు." ఆ రాత్రే తాగారు. తప్పు మాదే. చేర్చక తప్పనప్పుడు నిజం చెప్పి, ఆయన ఒప్పుకున్నాకే, ఫోను చేయనిచ్చే చోటే చూసుకోవాలి.

ఇంట్లో ఉంచుకుంటే భారమంతా అక్క మీద పడుతుంది. "పుట్టింటికి పోతాను" అన్న బెదిరింపు ఆయన గుబులునే పెంచింది. "తాగి వస్తే ఈ రాత్రి మాట్లాడను, పొద్దున మాట్లాడతాను" అని చెప్పి, అలాగే చేయడం పనిచేసింది. చేయి చేసుకునే మనిషైతే మాత్రం ఈ పోలికే వద్దు, ముందు ఆమె, పిల్లలు క్షేమంగా బయటపడాలి.

కౌన్సెలింగ్ తెలుగులో దొరికితే చాలా తేడా ఉంటుంది. బజారులో రోజంతా ఒడియా మాట్లాడే బావకు తండ్రి మాట వచ్చేసరికి తెలుగే వచ్చింది. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోను సేవ టెలీ మానస్ 14416లో తెలుగులోనూ మాట్లాడవచ్చు. అయితే ఈ గుబులుకు తాగుడు మానాలనుకునే తోటివాళ్ళ బృందం చేసే మేలు వేరు. 1935లో అమెరికాలోని అక్రన్‌లో అప్పటికి తాగుడు మానిన బిల్ విల్సన్ హోటల్లో ఒంటరిగా ఉన్నాడు. బారు లాగుతుంటే, ఫోను చేసి తనలాంటి మరో మనిషిని వెతుక్కున్నాడు. అలాంటి బృందాల సంస్థ ఆల్కహాలిక్స్ అనానిమస్ అలా మొదలైంది. ప్రాణమంతా ఒక్క అక్క ఫోను మీదే వేలాడకుండా, పట్టుకోవడానికి నాలుగు చేతులు దొరుకుతాయి. అందుకే నా ఓటు ఆసుపత్రి తర్వాత ఇల్లు, దానికి తోడు బృందం.

మొన్న అక్క పాతపట్నం సంతలో ఉండి ఫోను ఎత్తలేదు. బావ గోడ మీద అంటించిన ఫోను నంబర్ల కాగితం చూసి, రెండోదైన బృందం మనిషి నంబరు నొక్కారు.