బ్రాడీపేటలో ఆరు ఆదివారాల కోర్సు: ఆ మూడు గళ్ళ కాగితం కోసం వెళ్ళండి

గుంటూరు బ్రాడీపేటలో ఒక శిక్షణ సంస్థ ‘ఇంటర్‌కల్చరల్ కమ్యూనికేషన్’ అని ఒక కోర్సు నడుపుతోంది. వేరే దేశాల, వేరే అలవాట్ల వాళ్ళతో కలిసి పనిచేయడం, వాళ్ళ మాటా తీరూ అర్థం చేసుకోవడం నేర్పుతారు. ఆరు ఆదివారాలు, రోజుకి మూడు గంటలు. ఫీజు 3,500. స్టూడెంట్ ఐడీ చూపిస్తే 500 తగ్గించారు. మా బ్యాచ్‌లో 22 మందిమి. సగం మంది ఎమ్మెస్‌కి బయటి దేశాలకు వెళ్ళబోతున్నవాళ్ళు, మిగతావాళ్ళు ఇంటర్వ్యూల కోసం వచ్చినవాళ్ళు. నేను వెళ్ళిన కారణం వేరు.

నేను ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ మొదటి సంవత్సరం. ల్యాబ్‌లో నాకు జోడీగా ఇథియోపియా నుంచి వచ్చిన అమ్మాయిని వేశారు. నేను ఏదైనా చెప్తుంటే ఆమె మధ్యలో గభాలున ఊపిరి లోపలికి పీల్చేది. మనం ఉలిక్కిపడినప్పుడు వచ్చే చప్పుడే. నేను చెప్పేది తప్పని అనుకుంటోందేమో, నాతో పని విసుగేమో అనుకున్నాను. పని మాటలు తప్ప వేరే మాట్లాడటం మానేశాను. నెల రోజులు అలాగే గడిచాయి. పరాయి దేశంలో, హాస్టల్లో ఒక్కతే ఉన్న పిల్లతో అలా ఉన్నందుకు ఇప్పటికీ బాధగానే ఉంది. తప్పు ఎక్కడుందో తెలుసుకోవాలనే ఈ కోర్సులో చేరాను.

మొదటి రెండు ఆదివారాలు నిరాశపరిచాయి. చెయ్యి ఎంత గట్టిగా కలపాలి, కళ్ళలోకి ఎంతసేపు చూడాలి, ఫోర్కు ఏ చేత్తో పట్టుకోవాలి... అన్నీ అమెరికా ఆఫీసు మర్యాదలే. వెళ్ళేవాళ్ళకి అవసరమే, కాదనను. కానీ ‘జపాన్ వాళ్ళు ఇలా ఉంటారు, జర్మన్లు ఇలా ఉంటారు’ అని స్లైడు తర్వాత స్లైడు వేస్తే ఏ మనిషీ అర్థం కాడు. ఆ రెండు రోజుల్లో బాగున్నది టేపుతో చేయించిన పని ఒక్కటే. ఎడ్వర్డ్ హాల్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త 1966లో మనుషుల మధ్య దూరాలను లెక్కకట్టి రాశాడు. దాదాపు 45 సెంటీమీటర్ల లోపు బాగా దగ్గరివాళ్ళకి, అక్కణ్ణించి 1.2 మీటర్ల దాకా స్నేహితులకి, ఆ పైన పనిమీద కలిసేవాళ్ళకి. మమ్మల్ని ఇద్దరిద్దరినీ నిలబెట్టి మాట్లాడమని, మధ్యలో టేపు పెట్టి కొలిచారు మేడం. అప్పుడే పరిచయమైనవాళ్ళం కూడా చాలామందిమి 45 లోపే ఉన్నాం. హాల్ లెక్కలు అమెరికా ఈశాన్య తీరపు మధ్యతరగతి వాళ్ళని చూసి రాసినవని, వాటిని అందరికీ అంటగట్టకూడదని ఆవిడే చెప్పారు. ఆ జాగ్రత్త జపాన్ స్లైడు దగ్గర కూడా చూపించి ఉంటే ఎంత బాగుండేది!

మూడో వారం అంకెలు. గీర్ట్ హోఫ్‌స్టెడ్ అనే డచ్ పరిశోధకుడు 1967–73 మధ్య ఐబీఎం అనే కంప్యూటర్ కంపెనీ ఉద్యోగుల నుంచి సేకరించిన లక్షకు పైగా ప్రశ్నపత్రాల ఆధారంగా దేశాలకు వేసిన మార్కులు. పై అధికారికీ కింది ఉద్యోగికీ మధ్య అంతరాన్ని జనం ఎంత సహజంగా ఒప్పుకుంటారన్న దాంట్లో ఇండియాకి 77, అమెరికాకి 40. ప్రొఫెసర్ని పేరు పెట్టి పిలవమంటే మనకి నోరు పెగలకపోవడం గుర్తొచ్చి తలూపాను. కానీ ఆ లెక్కల్లో ఇథియోపియాకి ఎంత అని చూస్తే విడిగా అంకే లేదు. కెన్యా, టాంజానియా, జాంబియాలతో కలిపి ‘తూర్పు ఆఫ్రికా’ అని ఒక్క అంకె, 64. నాలుగు దేశాలు, ఎన్నో భాషలు, అన్నిటికీ ఒకే అంకె, అదీ ఒక్క కంపెనీ ఉద్యోగుల నుంచి. దాంతో నా పక్క బెంచీ అమ్మాయి నాకేం తెలుస్తుంది? చేయెత్తి ఇదే అడిగాను. మేడం కోప్పడలేదు, వచ్చే వారం జవాబు దొరుకుతుందన్నారు.

దొరికింది. నాలుగో ఆదివారం అందరికీ తలో తెల్లకాగితం ఇచ్చి మూడు గళ్ళు గీయమన్నారు. మొదటి గడిలో కంటితో చూసింది, చెవితో విన్నది మాత్రమే రాయాలి. రెండో గడిలో దానికి మనం చెప్పుకున్న అర్థం. మూడో గడిలో మనం ఇచ్చిన తీర్పు. వినడానికి చిన్నపిల్లల పనిలా ఉంటుంది. మొదటి గడిలో ‘చిరాకు పడింది’ అని రాశాను. మేడం వచ్చి దాన్ని కొట్టేసి, ‘చిరాకు కనిపించదమ్మా, ఏం కనిపించిందో రాయి’ అన్నారు. చాలాసేపు ఆలోచించి, ‘ఊపిరి లోపలికి పీల్చింది’ అని రాశాను. నేను చూసింది అంతే. మిగతా రెండు గళ్ళూ నిండా నా ఊహలే. రెండో గడిలో ఇంకో మూడు అర్థాలు రాయమన్నారు. ఒక్కటీ తట్టలేదు. ‘తట్టకపోతే వెళ్ళి అడుగు’ అన్నారు.

సోమవారం అడిగాను. మా దగ్గర దానర్థం ‘అవును’ అంది ఆమె. వింటున్నాను, సరే, చెప్పు అని. నెలరోజులుగా ఆమె నాకు అవును, అవును అంటూనే ఉంది.

ఆ కాగితం ఆమెకి కూడా ఇచ్చాను. ఆమె మొదటి గడిలో రాసింది చదివి నాకు మాట రాలేదు. ఓసారి ల్యాబ్‌లో పరికరం దగ్గర తన వంతుకి బదులు నా వంతు ఇస్తావా అని ఆమె అడిగితే నేను ‘చూద్దాం’ అన్నాను. మనలో ఎవరికైనా అది కుదరదని తెలిసిపోతుంది. ముఖమ్మీద కాదనలేక అనే మాట కదా. ఆమె సాయంత్రం ఆరింటి దాకా కూర్చుని నా కోసం చూసిందట. మాటలో సగం చెప్పి మిగతా సగం ఎదుటివాళ్ళకి వదిలేసే పద్ధతి గురించి హాల్ 1976లో రాశాడని తరగతిలో విన్నప్పుడు, అది నా నోట్లోంచే రోజూ వచ్చేదని తోచలేదు.

ఐదో వారం పని: వేరే ప్రాంతం మనిషితో గంటసేపు మాట్లాడి రాసుకురావాలి. నేను ఆమెతోనే కూర్చున్నాను. వాళ్ళ ఊళ్ళో గంటలు పొద్దుపొడుపు నుంచి లెక్కట. మన ఉదయం ఏడు వాళ్ళకి ఒంటిగంట. మా తాతయ్య పంచాంగం చూస్తూ సూర్యోదయం నుంచి ఘడియలు లెక్కపెట్టేవారని, ఘడియంటే 24 నిమిషాలని చెప్తే ఎంత సంబరపడిందో. ఇంజెరా రొట్టెని కూరతో చుట్టి ఎదుటివాళ్ళ నోట్లో పెట్టడాన్ని ‘గుర్షా’ అంటారట. మన గోరుముద్ద! కాకపోతే అక్కడ పెద్దవాళ్ళకీ పెడతారు. ఏ స్లైడూ చెప్పని సంగతులివి.

ఆరో వారం రోల్‌ప్లే, సర్టిఫికెట్, ఫోటో. త్వరగా అయిపోయింది. గది చిన్నది, ఏసీ బాగానే పనిచేసింది. మెటీరియల్ జిరాక్సులే, ఫోనులో ఫోటో తీసుకుంటే సరిపోతుంది. మేడం తెలుగులో విడమరిచి చెప్పడం నాలాంటి తెలుగు మీడియం వాళ్ళకి పెద్ద ఊరట.

ఇంటర్వ్యూ కోసమే అయితే మొదటి రెండు వారాలు పనికొస్తాయి, కానీ 3,000 ఎక్కువే. క్లాసులోనో హాస్టల్లోనో వేరే దేశం, వేరే రాష్ట్రం వాళ్ళు పక్కనుంటే మాత్రం తప్పకుండా వెళ్ళండి, మూడో వారం నుంచి ఒక్క క్లాసూ మానొద్దు.

సంస్థ వాళ్ళకి నా విన్నపం ఒకటే. గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల కాలేజీల్లో ఎన్నో దేశాల పిల్లలు చదువుతున్నారు. వాళ్ళలో ఒక్కరూ లేకుండా ఈ కోర్సు నడపడం పెద్ద లోటు. కోర్సు చివర ఇచ్చిన అభిప్రాయాల ఫారంలో ఇదే రాస్తే, వచ్చే బ్యాచ్‌కి మీ స్నేహితురాలిని తీసుకొస్తారా అని మేడం ఫోన్ చేశారు. ఆమెని అడిగాను. వస్తానంది. కానీ ముందు నిలబెట్టి ప్రశ్నలు అడగొద్దట, తానూ అందరి పక్కన బెంచీలో కూర్చుని మూడు గళ్ళు గీసుకుంటుందట.