సెయింట్ ఆండ్రూస్: ఏడేళ్ళ మఠాధిపతి, మనిషి లేని గెస్ట్‌హౌస్

స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో రాత్రి బస చేయకండి. ముందే చెప్పేస్తున్నా. ఊరు చూడండి, గోడ వెంట నడవండి, ఐస్‌క్రీం తినండి, సాయంత్రం 99 నంబరు బస్సెక్కి డండీ వెళ్ళి పడుకోండి. మేం ఆ పని చేయలేదు కాబట్టే ఇదంతా రాయాల్సి వస్తోంది.

జూన్ చివర్లో వెళ్ళాం. మేమిద్దరం, రాజమండ్రి నుంచి వచ్చిన అత్తయ్యగారు, మామయ్యగారు. సెయింట్ ఆండ్రూస్‌కి రైలు లేదు. ఎడిన్‌బరో నుంచి గంటలో లూకర్స్, అక్కడ దిగి బస్సు. స్కాట్లండ్‌లో కాపురం ఉండేవాళ్ళకి 60 దాటితే బస్సు ఉచితం, విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళకి కాదు. ఈ సంగతి బస్సెక్కాక తెలిసి మామయ్యగారు ఊరొచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూశారు.

ఇక గెస్ట్‌హౌస్. రెండు గదులు, ఒక్క రాత్రి, 268 పౌండ్లు. "29 వేల పైచిలుకు" అని మామయ్యగారు నోటిలెక్క కట్టేశారు. గోల్ఫ్ ఆడటానికి ప్రపంచమంతా వచ్చిపడే ఊరు, రేట్లు అలాగే ఉంటాయని సర్దిచెప్పాను. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, కింద గదులు కావాలని అడిగితే "తప్పకుండా" అని మెయిల్ వచ్చింది కదా అని నా ధీమా.

తీరా వెళ్తే అక్కడ మనిషన్నవాడు లేడు. తలుపు పక్కన అంకెల తాళం వేసిన చిన్న పెట్టె, అందులో రెండు తాళంచెవులు, రెండూ మూడో అంతస్తువే. లిఫ్ట్ లేదు. ఫోన్ చేస్తే ఎవరో అమ్మాయి ఎత్తింది. తను వేరే ఊళ్ళో ఉంటుందట, బుకింగులు మాత్రమే చూస్తుందట, ఓనరుగారు స్పెయిన్‌లో ఉంటారట. కింద గదులు వేరేవాళ్ళకి ఇచ్చేశారు. పైగా నాలుగింటికి ముందే గదిలోకి వచ్చామని మనిషికి 10 చొప్పున ఇంకో 40 పౌండ్లు కార్డు మీద లాగేశారు. అత్తయ్యగారు ఒక్కో మెట్టూ లెక్కపెడుతూ ఎక్కారు. 51. పైన ఏటవాలు కప్పు, మా ఆయన వెళ్ళీ వెళ్ళగానే తల కొట్టుకున్నాడు. అందరికీ టీ పెట్టి ఇద్దామంటే పాలపొడి కూడా లేదు.

అలాంటి మూడ్‌లో కెథీడ్రల్‌కి బయల్దేరాం. ఆవరణలోకి టికెట్ లేదు, మ్యూజియానికే. ఒకప్పుడు స్కాట్లండ్‌లో దీన్ని మించిన చర్చి లేదు. 1160 ప్రాంతంలో మొదలుపెడితే 1318లో రాజు రాబర్ట్ బ్రూస్ ఎదుట ప్రతిష్ఠ జరిగింది. ఇప్పుడు తూర్పున ఒక గోడ, పడమర ఇంకో గోడ ముక్క, మధ్యలో గడ్డి. దక్షిణాన అంటుకుని ఉన్న మఠమే నేను చూడాలనుకున్నది. 1140లలో పెట్టిన అగస్టీనియన్ మఠం, అంటే సెయింట్ అగస్టీన్ నియమాలు పాటించే సాధువులది. పేరుకి బిషప్ పైవాడు. సాధువులకీ, భూములకీ, లెక్కలకీ పెద్ద మాత్రం ప్రయర్. మొదటి ప్రయర్ రాబర్ట్‌ని ఇంగ్లండ్‌లోని నోస్టెల్ నుంచి తెచ్చారు.

ఇది చెప్పగానే మామయ్యగారిలో కదలిక వచ్చింది. ఆయన దేవాదాయ శాఖలో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. "అయితే ఈవో అన్నమాట" అన్నారు. అక్కణ్ణుంచి ఆయన్ని పట్టుకోలేకపోయాం.

సాధువులు సమావేశమయ్యే హాలు నేలలో రాతి శవపేటికలు వరసగా ఉన్నాయి. మూతల్లేవు. పశువుల కుడితి తొట్టెల్లా ఉన్న వాటిలో ముందురోజు వాన నీళ్ళు, నీళ్ళలో ఒక చిప్స్ ప్యాకెట్. అత్తయ్యగారు వంగి ఆ ప్యాకెట్ తీసి సంచిలో వేసుకున్నారు, మోకాళ్ళ సంగతి మర్చిపోయి.

తర్వాత గోడ. దాదాపు మైలు పొడవు, మధ్యమధ్య బురుజులు, మఠానికి కాదు కోటకి కట్టినట్టు ఉంటుంది. దీన్ని ఇంత దిట్టంగా చేయించింది ప్రయర్ జాన్ హెప్‌బర్న్. గట్టి పిండం. 1512లో ఆర్చిబిషప్ అలెగ్జాండర్ స్టువర్ట్‌తో కలిసి సెయింట్ లెనార్డ్స్ కాలేజీ పెట్టాడు. మరుసటేడు ఫ్లాడెన్ యుద్ధంలో ఆ ఆర్చిబిషప్ చనిపోతే ఆ పదవి తనకే కావాలని పోరాడి, దక్కక వెనక్కొచ్చాడు. గోడ మీద ఆయన చిహ్నం వెతుక్కుంటూ హార్బర్ వైపు నడవండి, ఊళ్ళో డబ్బు కట్టి చూసేవాటికన్నా ఇది నయం. హెప్‌బర్న్ తర్వాత ప్రయర్ ఎవరనుకున్నారు? ఆయన తమ్ముడి కొడుకో అన్న కొడుకో, ప్యాట్రిక్ హెప్‌బర్న్.

"వంశపారంపర్య ధర్మకర్తలు!" అని మామయ్యగారు గోడని చేత్తో తట్టారు.

ఆగండి, అసలు కథ ముందుంది అన్నాను. 1538లో ప్యాట్రిక్ మొరే బిషప్‌గా వెళ్ళిపోతే, రాజు అయిదో జేమ్స్ ఆ కుర్చీలో తన కొడుకు జేమ్స్ స్టువర్ట్‌ని కూర్చోబెట్టాడు. పెళ్ళి కాకుండా పుట్టిన కొడుకు, వయసు సుమారు ఏడేళ్ళు. కమెండేటర్ అంటారు దీన్ని. దీక్ష అక్కర్లేదు, మఠంలో ఉండక్కర్లేదు, ఆదాయం మాత్రం ఆయనది. పిల్లాడు పెద్దయ్యేదాకా ఆ డబ్బు రాజుగారి చేతికే. రాజుకి ఇలాంటి కొడుకులు ఇంకా ఉన్నారు. కెల్సో, మెల్‌రోజ్ మఠాలు ఒకడికి, హోలీరూడ్ ఒకడికి, కోల్డింగ్‌హామ్ ఇంకొకడికి.

మామయ్యగారు బెంచీ మీద కూర్చుని నవ్వారు. స్కాట్లండ్ వచ్చిన తొమ్మిది రోజుల్లో అంత నవ్వు అదే మొదలు. "సత్రం భూములు గుర్తొస్తున్నాయమ్మా. ఫైళ్ళు ఇంతింత ఉండేవి."

ఆ పిల్లాడు పెరిగి 1559లో ప్రొటెస్టెంట్ బోధకుడు జాన్ నాక్స్ పక్షాన నిలబడ్డాడు. ఇదే ఊళ్ళో నాక్స్ ప్రసంగాలు చేశాక జనం ఈ కెథీడ్రల్‌లో విగ్రహాలనీ అలంకారాలనీ ఊడబెరికారు. అంటే మఠం పెద్దే మఠాన్ని ఖాళీ చేయించినవాళ్ళతో ఉన్నాడు. తర్వాత చెల్లెలు మేరీ రాణి గద్దె దిగాక పసి రాజు తరఫున దేశాన్ని ఏలే రీజెంట్ అయ్యాడు, 1570లో లిన్‌లిత్‌గోలో తుపాకీ దెబ్బకి పోయాడు. మా ఆయనకి ఈ భాగం నచ్చింది, తలనొప్పి తగ్గిందన్నాడు.

సాయంత్రం జానెట్టాస్‌లో ఐస్‌క్రీం. 1908 నుంచీ ఉన్న కొట్టు, లైను పెద్దదే అయినా నిలబడండి. అత్తయ్యగారు రెండోది అడిగి మరీ తిన్నారు.

రాత్రి తిరిగొచ్చి మెట్ల దగ్గర ఆగాం. మామయ్యగారు ఆ తాళంచెవుల పెట్టెని వేలితో తట్టి, "వీడూ కమెండేటరేనమ్మా. అద్దె స్పెయిన్‌కి, మెట్లు మనకి" అన్నారు. అత్తయ్యగారికి నవ్వొచ్చింది, 20వ మెట్టు దగ్గర ఆయాసమూ వచ్చింది. పొద్దున్నే ఆరింటికి ఖాళీ చేశాం.

ఆ 40 పౌండ్ల గురించి ఇప్పటికి మూడు మెయిళ్ళు పెట్టాను. మూడింటికీ ఒకటే జవాబు, మీ అభిప్రాయాన్ని ఓనరుగారికి తెలియజేస్తామని.