తాళం తిప్పిన క్షణాన్ని పట్టిచ్చిన బొత్తం: మూడేళ్లు వాడిన మల్టీమీటరు

ఈ మల్టీమీటరు కొని మూడేళ్లు దాటింది. వోల్టులు, ఓమ్‌లు ఏ మీటరైనా చూపిస్తుంది కాబట్టి వాటి జోలికి పోను. దీనికి ‘మిన్/మ్యాక్స్’ అని ఓ బొత్తం ఉంది. అది నొక్కి వదిలేస్తే, అప్పట్నుంచి వచ్చిన అంకెల్లో అతి తక్కువదీ అతి ఎక్కువదీ గుర్తుపెట్టుకుని చూపిస్తుంది. నేను రాసేదంతా దాని గురించే. మా 2004 మోడల్ పెట్రోల్ కారు ఏడాదిన్నర పెట్టిన బాధకు మూలం దాంతోనే దొరికింది.

బండి పదిసార్లలో తొమ్మిదిసార్లు ఒక్క సెల్ఫ్‌కే అందుకునేది. పదోసారి తాళం తిప్పితే బానెట్ కింద ‘టిక్’మని ఒక చప్పుడు, అంతే. ఓ పావుగంట ఆగితే ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. మెకానిక్ ముందు ఆ పదోసారి ఎప్పుడూ వచ్చేది కాదు. అమ్మకి కంటి ఆపరేషన్ అయిన మర్నాడు ఆసుపత్రి ఆవరణలోనే మొరాయించింది. కంటికి కట్టుతో ఆవిడ ఎండలో నిలబడి ఉంటే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. పక్క బండి డ్రైవరు జంపర్ కేబుళ్లు తగిలించగానే ఇంజను అందుకుంది. “బ్యాటరీ అయిపోయిందండి మాస్టారూ, మార్చేయండి” అన్నాడు.

అందరూ అదే మాట. కొత్త బ్యాటరీ వేయించాను, మూడు వారాలు బాగానే ఉంది. తర్వాత మళ్లీ టిక్. సెల్ఫ్ మోటారు విప్పించి కార్బన్లు, సాలినాయిడ్ స్విచ్చి మార్పించాను. అయినా టిక్.

అప్పుడు కొన్నాను ఈ మీటరు. బ్యాటరీ మీద పెడితే 12.6 వోల్టులు, అంటే నిండుగా ఉన్నట్టే. ఎర్త్ వైరుకి (ఇంజనుని బ్యాటరీ నెగటివ్ వైపుకి కలిపే తీగ) అటొకటి, ఇటొకటి మీటరు వైర్ల ముళ్లు పెడితే, తీగ తెగలేదని చెప్పే కంటిన్యుటీ బీప్ చక్కగా వచ్చింది. ఆ బీప్ వేగం చూసి ముచ్చటపడి మా బావమరిది చేత కూడా ఇదే కొనిపించాను. ఆ మెప్పులో కొంత ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. బీప్ కోసం మీటరు పంపే కరెంటు మిల్లీ ఆంపియర్లలో ఉంటుంది. సెల్ఫ్ మోటారు లాగేది వంద ఆంపియర్ల పైమాటే. లోపల తీగలన్నీ తెగి రెండు పోగులు మిగిలినా బీప్ వస్తుంది. వైరులో 0.02 ఓమ్‌ల అడ్డు ఉంటే చాలు, వంద ఆంపియర్ల దగ్గర 2 వోల్టులు అక్కడే పోతాయి. మీటరు వైర్లకే అంతకు పదింతల అడ్డు ఉంటుంది. ఇక ఓమ్‌లలో ఆ తేడా ఎక్కడ కనిపిస్తుంది?

కాబట్టి కరెంటు పారుతుండగానే కొలవాలి. ఒక ముల్లు ఇంజను లోహానికి, ఇంకోటి బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కి తగిలించి సెల్ఫ్ కొట్టాలి. ఎర్త్ బాగుంటే ఆ రెంటి మధ్య 0.2 వోల్టులకు మించి రాకూడదు. తాళం లోపల, మీటరు బానెట్ కింద, మనిషిని నేనొక్కణ్ణి. పిలిచి చూపిద్దామంటే ఎవరైనా ఉన్నప్పుడు టిక్ రాదు. ఇక్కడే ఆ బొత్తం అక్కరకొచ్చింది.

మే నెలలో ఓ సాయంత్రం కాకినాడ బీచ్ నుంచి వచ్చి బండి ఆపాను. ఇంజను వేడి మీదుండగానే మళ్లీ తాళం తిప్పితే టిక్. ఏడాదిన్నరలో ఆ చప్పుడుకి సంతోషపడింది ఆ ఒక్క రోజే. క్లిప్పులు తగిలించి, బొత్తం నొక్కి, లోపలికెళ్లి తాళం తిప్పి, పరుగున వచ్చి చూశాను. మ్యాక్స్ దగ్గర 4.8 అని ఉంది. మళ్లీ చేస్తే 5.1. పాజిటివ్ వైపు చూస్తే 0.3 మాత్రమే. బ్యాటరీ బలంలో సగానికి దగ్గరగా ఎర్త్‌లోనే పోతోంది!

బాడీ నుంచి గేర్‌బాక్సుకి వెళ్లే ఎర్త్ వైరు విప్పాను. పైన నల్లతొడుగు నిగనిగలాడుతోంది. బ్లేడుతో కోస్తే లోపల లగ్గు (వైరు చివర బోల్టుకి బిగించే లోహపు ముక్క) దాకా పచ్చటి చిలుము. సముద్రపు గాలి రాగిని తినేసింది. ఆసుపత్రి దగ్గర జరిగిందీ అప్పుడే అర్థమైంది. ఆ డ్రైవరు నల్ల క్లిప్పుని పద్ధతి ప్రకారం ఇంజను లోహానికే పెట్టాడు. దాంతో కరెంటు చెడిన వైరుని దాటి పోయింది, మేమంతా దాన్ని బ్యాటరీ బలహీనత అనుకున్నాం. కొత్త బ్యాటరీతో ఆ మూడు వారాలు బాగుండటానికి కారణం, మార్చేటప్పుడు ఈ వైరు కదిలి పోగులు కాస్త అంటుకోవడమే అయ్యుండాలి. కొత్త వైరుకి నాలుగు వందలైంది. రెండు వేసవులు దాటినా ఆ చప్పుడు మళ్లీ వినలేదు.

అయితే ఈ బొత్తాన్ని గుడ్డిగా నమ్మకూడదు. ఇది సెకనుకి రెండు మూడుసార్లే కొలుస్తుంది. ఇంజను అరసెకనులో అందుకుంటే అసలు అంకె తప్పిపోతుంది. అందుకే బండి బాగా స్టార్టయ్యే రోజుల్లో కొలవాలంటే ఇంజను అందుకోకుండా బండిలోని పెట్రోల్ పంపు ఫ్యూజు తీసేసి నాలుగు సెకన్లు సెల్ఫ్ కొడతాను. ఆటో రేంజిలో వదిలేస్తే రేంజి వెతుక్కోవడానికే దానికి సమయం పోతుంది, చేత్తో రేంజి ఎంచుకోవాలి. మీటరు లోపలి సెల్లు దిగిపోతే అంకెలు పెరుగుతాయి. ఓసారి ఇంజను ఆడుతుంటే 15.6 చూపించింది, బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరే పాడైందనుకుని దాన్ని విప్పించేవాణ్ణి. సెల్లు మార్చగానే 14.1కి వచ్చింది. పెట్టెలో వచ్చిన వైర్లు రెండో ఏడాదికే బిరుసెక్కాయి, క్లిప్పుల వైర్లు విడిగా కొన్నాను. 10 ఆంపియర్ల రేంజి ఉంది కదా అని దాన్ని సెల్ఫ్ వైరులో మాత్రం పెట్టకండి.

నాది సముద్రం పక్క ఊరు, బండి ఆరుబయట ఉంటుంది, వైరింగు పాతది, మరమ్మతుకి పూనుకునేది నేనొక్కణ్ణే. అందుకని ఇది నాకు బాగా కుదిరింది. కొత్త బండ్లలో తాళంలో చిప్పు, బటన్ స్టార్టు ఉంటాయి. టిక్ కూడా రాకుండా ఆగిపోయే బండికి దీనికంటే ముందు, బండి కంప్యూటరులోని లోపాలు చదివే స్కానరు అవసరం కావచ్చు. మా బావమరిది బండి అలాంటిదే. అతని మీటరు ఇంట్లో ఇన్వర్టరు బ్యాటరీ చూడటానికే పనికొస్తోంది.