రోడ్జర్స్ పాత జేబు చాకు: మిర్చి యార్డులో ఏళ్ల తరబడి వాడాక నా మాట

మా తాత వరంగల్ ఆజంజాహి మిల్లులో పనిచేసిన కాలం నాటి రెండు బ్లేళ్ల మడత చాకు ఇది. ఆయన నుంచి బాపుకి, బాపు నుంచి నాకు వచ్చింది. ఇప్పుడు ఎనుమాముల మిర్చి యార్డులో మా అడ్తి దుకాణానికి పోయేటప్పుడు రోజూ నా జేబులోనే ఉంటుంది. బస్తా కుట్టిన సుతిలి తెంపడం, శాంపిల్ తీయడానికి సంచి మూతి విప్పడం, పొద్దుటి టీ తర్వాత జామకాయ కోయడం, పెన్సిల్ చెక్కడం దీని పనులు. చూసిన ప్రతి ఒక్కరూ "అన్నా, ఇది ఒరిజినలేనా, ఎంతొస్తది?" అని అడుగుతారు కాబట్టి పనితనం కంటే ముందు గుర్తుపట్టే సంగతే రాస్తా.

పాత చాకు చేతికొస్తే అందరి కళ్లూ పిడి మీద పడతాయి. పిడి మార్చేయొచ్చు. తయారీదారు ముద్ర ఉండేది బ్లేడు మొదట్లో, పిడిలోకి దూరే ముందున్న చదునైన చోట. దాన్నే టాంగ్ అంటారు. నా చాకు టాంగ్ మీద ఒక నక్షత్రం, పక్కనే మాల్టా శిలువ ఉన్నాయి. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ ఊళ్లో జోసెఫ్ రోడ్జర్స్ అనే చాకుల కంపెనీ వాళ్లకు 1764లో దక్కిన గుర్తు అది. దాంతోపాటు ఒక కిరీటం, అటూ ఇటూ జి, ఆర్ అక్షరాలు. 1822లో నాలుగో జార్జి రాజు వీళ్లను ఆస్థాన చాకుల తయారీదారులుగా గుర్తించాడు, ఆ తర్వాత గద్దె మీద ఎవరుంటే వాళ్ల అక్షరాలు ముద్రలోకి వచ్చాయి. వి ఆర్ అంటే విక్టోరియా, ఇ ఆర్ అంటే 1901 నుంచి 1910 దాకా ఉన్న ఏడో ఎడ్వర్డ్. మన దేశంలో ఎక్కువగా కనబడే జి ఆర్ మాత్రం ఐదో జార్జి, ఆరో జార్జి ఇద్దరికీ సరిపోతుంది, అంటే 1910 నుంచి 1952 లోపు సరుకు. ఈ జి ఆర్ నే చూపించి "నాలుగో జార్జి కాలంది, రెండొందల ఏళ్ల కిందిది" అని ధర చెప్పేవాళ్లున్నారు. అలాంటప్పుడు ముద్రలో ఇంగ్లండ్ అన్న మాట ఉందేమో చూడండి, ఉంటే అంత పాతది కాదు. 1890లో అమెరికా మెకిన్లీ టారిఫ్ చట్టం తెచ్చి, దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాల్సిందే అన్నాకే షెఫీల్డ్ వాళ్లకు ఆ మాట కొట్టడం అలవాటైంది.

ముద్ర అరిగిపోయి కనబడకపోతే దయచేసి గరుకు కాగితంతో రుద్దకండి, ఉన్న కాస్తా పోతుంది. ఒక రాత్రి కిరోసిన్‌లో ఉంచి, పాత టూత్ బ్రష్‌తో మెల్లగా తోమి, ఆరాక ఆ చోట కొంచెం ముఖానికి రాసుకునే పౌడర్ రుద్ది తుడవండి. గాడుల్లో తెల్లగా నిలిచిపోతుంది. సెల్‌ఫోన్ టార్చ్ పక్క నుంచి ఏటవాలుగా వేస్తే అక్షరాలు లేచి కనబడతాయి.

ముద్ర ఒక్కటే చాలదు, దొంగ ముద్రలు కొట్టడం ఎప్పటి నుంచో ఉంది. విక్టోరియా ముద్ర ఉన్న చాకు మీద స్టెయిన్‌లెస్ అని కూడా ఉంటే దండం పెట్టి తిరిగి ఇచ్చేయండి, ఎందుకంటే ఆమె 1901లో చనిపోయింది, హ్యారీ బ్రేర్లీ షెఫీల్డ్‌లో తుప్పు పట్టని ఉక్కు తీసింది 1913లో. ఇంకా, మంచి చాకు తెరిచినప్పుడూ మూసినప్పుడూ టక్ అని గట్టిగా పలుకుతుంది, వీపు మీది స్ప్రింగు పిడితో సమానంగా కూర్చుంటుంది, వేలితో రాస్తే మెట్టు తగలదు. ముద్ర కొట్టడం తేలికే గానీ ఈ పొందిక తేవడం తేలిక కాదు, నేనైతే దీన్నే ఎక్కువ నమ్ముతా.

వేరే కంపెనీల సంగతి క్లుప్తంగా. విక్టోరినాక్స్ అన్న పేరు 1921లో వచ్చింది, ఆ పేరుంటే అంతకు ముందుది కాదు. ఫ్రాన్స్ వాళ్ల ఓపినెల్ మీద కిరీటం పెట్టిన చెయ్యి ఉంటుంది, పెద్ద సైజుల్లో బ్లేడు మొదట్లో తిరిగే లోహపు రింగు 1955 నుంచి పెట్టారు. వెస్ట్ జర్మనీ అని ఉంటే 1949కి, 1990కి మధ్య. కరీంనగర్‌లో మా దోస్తుకు కొడుకు అమెరికా నుంచి తెచ్చిన కేస్ అనే కంపెనీ చాకు మీద చుక్కలున్నాయి, అవి అలంకారం కాదు. 1970లో పది చుక్కలతో మొదలుపెట్టి ఏడాదికొకటి తగ్గించుకుంటూ పోయారు, ఆ పదేళ్ల సరుకైతే చుక్కలు లెక్కపెడితే సంవత్సరం తెలిసిపోతుంది.

ఇక వాడకం. ఇది కార్బన్ ఉక్కు, తడి తగిలితే తుప్పు పడుతుంది. పచ్చి మామిడికాయ కోస్తే బ్లేడు నల్లబడుతుంది, ముక్కకు కూడా ఇనుము వాసన అంటుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ బ్లేడంతా బూడిద రంగుకు తిరిగింది, ఆ పొర వచ్చాక తుప్పు బాగా తగ్గింది, అందుకే నేను దాన్ని తోమి మెరిపించను. పదును విషయంలో మాత్రం నా దగ్గరున్న ఏ స్టెయిన్‌లెస్ చాకూ దీని దరిదాపుల్లోకి రాదు. సానరాయి మీద అటు నాలుగు, ఇటు నాలుగు గీతలు, తర్వాత తోలు బెల్టు మీద రెండు సార్లు, అంతే, సుతిలి దారం పిండినట్టు కాకుండా శుభ్రంగా తెగుతుంది. కరెంటు చక్రం మీద సాన పట్టేవాళ్లకు ఇవ్వకండి. నీళ్లు చల్లకుండా పట్టిస్తే వేడికి అంచు నీలం రంగు తిరుగుతుంది, అంటే ఉక్కు మెత్తబడిపోయింది, ఇక ఎంత నూరినా పదును నిలవదు.

ఇబ్బందులూ ఉన్నాయి. లాక్ లేదు, కాబట్టి మొనతో పొడిచే పని పెట్టుకోకూడదు. చెమట చేతులతో బ్లేడు తెరిచే గోటి గాడి దొరకదు. సీజన్‌లో మిర్చి దుమ్ము కీలులోకి పోయి బిర్రుగా అవుతుంది, తెరిచిన చేత్తో కన్ను ముట్టుకుంటే ఇక చూస్కోండి. వారానికోసారి కిరోసిన్‌తో కడిగి కుట్టుమిషను నూనె ఒక చుక్క వేస్తా. కొబ్బరినూనె వద్దు, కొన్నాళ్లకు బంకలా గట్టిపడుతుంది.

నా చాకు పిడి కణుజు (సాంబార్ జింక) కొమ్ముది. అప్పట్లో మన దేశపు అడవుల నుంచే ఈ కొమ్ములు షెఫీల్డ్‌కు ఓడల్లో పోయేవి, 1998లో ఎగుమతి ఆపేశారు. ఇప్పుడు కొమ్ము పిడి చాకు కొనాలన్నా అమ్మాలన్నా వన్యప్రాణి చట్టం సంగతి ముందు కనుక్కోండి. పిడి సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌ది అయితే, వేలితో గట్టిగా రుద్ది చూస్తే కర్పూరం వాసన వస్తుంది, దాన్ని మిగతా చాకులతో ఒకే డబ్బాలో పెట్టకండి. అది పాతబడి ఆవిర్లు వదిలితే పక్కనున్న మంచి బ్లేళ్లకు కూడా తుప్పెక్కిస్తుంది.