రెసిడెంట్ ఈవిల్ 4: పాత గేమ్ పోర్టా, కొత్త రీమేకా? ఏది మేలు?

రెసిడెంట్ ఈవిల్ 4 అనే భయపెట్టే షూటింగ్ గేమ్‌ని మొదటిసారి ఆడదామని, పీసీ గేములు అమ్మే స్టీమ్‌లో వెతికితే రెండు కనిపిస్తాయి, 2014లో వచ్చిన పీసీ పోర్ట్ ఒకటి, 2023 రీమేక్ ఇంకొకటి. పేరు ఒకటే కదా, కొత్తదే కొనేద్దాం అనుకోకండి. రెండూ వేర్వేరు గేములు.

ఒక మెషిన్ కోసం చేసిన గేమ్‌ని, అదే గేమ్‌గా ఉంచి, ఇంకో మెషిన్ మీద నడిచేలా మారిస్తే అది పోర్ట్. రీమేక్ అంటే బొమ్మలు, కంట్రోల్స్, పోరాటాలు అన్నీ మొదటి నుంచి మళ్లీ కట్టడం.

అయితే పోర్టులన్నీ ఒకటి కావు, దీనికి ఈ గేమ్‌కి మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. 2005 జనవరిలో నింటెండో వాళ్ల గేమ్‌క్యూబ్ అనే మెషిన్ మీద వచ్చింది, అదే ఏడాది ప్లేస్టేషన్ 2కి తెచ్చారు. ఆ మెషిన్ అంత బరువు మోయలేదు కాబట్టి లైటింగ్ తగ్గించారు, గేమ్‌క్యూబ్‌లో అప్పటికప్పుడు గీసిన కట్‌సీన్లని (మధ్యలో కథ చెప్పే దృశ్యాలని) ముందే రికార్డు చేసిన వీడియోలుగా పెట్టారు, కానీ ఏడా వాంగ్ అనే పాత్రతో ఆడే 'సెపరేట్ వేస్' అనే కొత్త భాగం కలిపారు. 2007 పీసీ వెర్షన్‌ని ఈ ప్లేస్టేషన్ 2 దాంట్లోంచి తీశారు, దాంతో ఆ మసక వీడియోలూ వెంట వచ్చాయి, పైగా మౌస్‌తో గురి పెట్టే వీలే లేదు. పీసీ గేమ్‌కి మౌస్ లేకపోవడం ఏంటి! అదే ఏడాది నింటెండో వీ మీద మాత్రం రిమోట్‌ని టీవీ వైపు చూపించి కాల్చొచ్చు, ఎంత హాయిగా ఉంటుందో. 2014 పోర్ట్‌లో పీసీకి మౌస్ సరిగ్గా వచ్చింది, సెకనుకి 60 ఫ్రేములూ వచ్చాయి.

ఇక అసలు తేడా. పాత గేమ్‌లో తుపాకీ ఎత్తితే కాళ్లు కదలవు. మనం కదలలేం కాబట్టే శత్రువులైన ఊరివాళ్లు మీద మీదకి వచ్చి, దగ్గరయ్యాక కాస్త ఆగుతారు, దారులు, గదులు కూడా ఆ లెక్కతోనే కట్టారు. కాల్చాలా, పారిపోవాలా అన్న టెన్షన్ అక్కడే పుడుతుంది. రీమేక్‌లో నడుస్తూ కాల్చొచ్చు, కత్తితో దెబ్బ ఆపొచ్చు, అందుకని శత్రువుల్ని కూడా చురుగ్గా చేశారు. చూడ్డానికి అద్భుతం, ఆడ్డానికీ చాలా బాగుంది, కాదనను. కానీ మంచి గ్రాఫిక్స్ కార్డ్ కావాలి. పోర్ట్‌కి పాత లాప్‌టాప్ చాలు.

ఒక్కదానికే డబ్బులుంటే పోర్టే కొనండి, రీమేక్ తర్వాత ఆడొచ్చు. వీలైతే కంట్రోలర్‌తో ఆడండి, మౌస్‌తో గురి మరీ తేలిగ్గా కుదిరి, ఊళ్లో గంట మోగేదాకా సాగే ఆ మొదటి పోరాటంలో భయం సగం పోతుంది.