కాడిలాక్ సీటీ6: ఇంజను సరే, అద్దం సంగతి వినండి

ఈ అమెరికన్ పెద్ద సెడాన్ పేరు చెప్పగానే అందరూ 3.0 లీటర్ల ట్విన్ టర్బో ఇంజను గురించే అడుగుతారు. 404 హార్స్‌పవర్ ఉంది, తొక్కితే దూకుతుంది. అంతే. నన్ను కట్టిపడేసింది మాత్రం వెనక రోడ్డు చూసుకునే లోపలి అద్దం.

అద్దం కింది మీట నొక్కితే గాజు కాస్తా తెర అయిపోయి, డిక్కీ మీది కెమెరా చూసేదంతా అందులో కనిపిస్తుంది. దాని విలువ తెలిసింది అమ్మానాన్నలు, అత్తయ్యగారు గుంటూరు నుంచి వచ్చిన వేసవిలో. డెట్రాయిట్ నుంచి నయాగరాకు కెనడా మీదుగా దగ్గర దారి ఉంది కానీ, పెద్దవాళ్లకు ఆ వీసా లేదు. టొలీడో, క్లీవ్‌లాండ్, బఫెలో మీదుగా ఈరీ సరస్సును చుట్టి వెళ్లాం. వెనక సీట్లో ముగ్గురు, తలగడలు, వెనక కిటికీకి ఆనించి పెట్టిన చేగోడీల డబ్బా. మామూలు అద్దంలో అమ్మ కొప్పు తప్ప ఏమీ కనిపించదు. మీట నొక్కగానే తలలూ తలగడలూ మాయమై మూడు వరుసల రోడ్డు పరుచుకుంది. "వెనక లారీ వస్తోంది, చూసుకో నాయనా" అని నాన్నగారు మెడ తిప్పేలోపే నేను పక్క వరుసలోకి జరిగేవాణ్ణి. బఫెలో చేరేసరికి ఆయన హెచ్చరికలు మాని నిద్రపోయారు. ఆయన కారులో నిద్రపోవడం మా ఇంట్లో ఎవరూ ఎరగరు!

అయితే మిషిగన్ చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు కెమెరాకు పొరలా పడుతుంది. పెట్రోలు పోయించుకున్నప్పుడల్లా వేలితో తుడవాల్సిందే. పైగా అసలు అద్దంలో చూపు దూరంగా నిలుస్తుంది, ఇక్కడ తెర దగ్గరే ఆగాలి. చత్వారం వచ్చిన నా కళ్లకు ఆ సర్దుబాటు ఒక క్షణం పడుతుంది. అందుకే ఒంటరిగా వెళ్లే రాత్రుళ్లు గాజు అద్దమే వాడుతున్నాను.

జర్మన్ల పెద్ద కార్లంత పొడవు, వాళ్ల మధ్యరకం కార్ల ధర. అయినా అమెరికాలో జనం ఎస్‌యూవీల వైపు వెళ్లిపోయారు. 2020లో డెట్రాయిట్-హామ్‌ట్రామ్‌క్ కర్మాగారంలో దీని తయారీ ఆగింది, ఇలాంటిదే మరో అమెరికన్ సెడాన్ లింకన్ కాంటినెంటల్ కథా అదే ఏడాది ముగిసింది. నాకు పాతది చవగ్గా దొరికింది అందువల్లే. రేపు అమ్మబోతే వచ్చేదీ అంతంతే.

వెనక సీటు నిండే ఇల్లు మాది, గరాజూ పొడవైనదే. ఈ రెండూ లేనివాళ్లకు, మూడేళ్లకోసారి కారు మార్చేవాళ్లకు నేను దీన్ని కొనమని చెప్పను.