‘షాక్’ దగ్గర తడబడిన నిఘంటువు యాప్

వైద్య, ఆర్థిక వ్యాసాలను ఇంగ్లిష్ నుంచి తెలుగు చేయడం నా వృత్తి కాబట్టి, ఏడాదికి 299 రూపాయలు కట్టి ఒక నిఘంటువు యాప్‌ను నాలుగు నెలలుగా వాడుతున్నాను. ఏ నిఘంటువు చేతికొచ్చినా నేను ముందుగా వెతికి చూసే మాట ‘షాక్’.

వాడుక భాష వరకు ఈ యాప్‌కు వంక పెట్టలేను. దిగ్భ్రాంతి, విద్యుదాఘాతం అనే అర్థాలతో ఆగకుండా, కరెంటు షాక్ ‘కొడుతుంది’, వార్త విన్న మనిషి షాక్ ‘తింటాడు’ అని క్రియలతో సహా చూపించింది.

చిక్కంతా వైద్యంలోనే వచ్చింది. ‘డెంగీ షాక్ సిండ్రోమ్’ను ఇది ‘డెంగీ దిగ్భ్రాంతి లక్షణ సముదాయం’గా మార్చింది. వైద్యులు ‘షాక్’ అని పిలిచేది మనసు ఉలిక్కిపడటాన్ని కాదు. అవయవాలకు చాలినంత రక్తం అందక కణాలకు ఆక్సిజన్ కరువయ్యే ప్రాణాంతక స్థితిని. డెంగీలో రక్తనాళాల నుంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, బయటికి కారిపోవడం వల్ల కాళ్లూ చేతులూ చల్లబడతాయి, నాడి బలహీనపడి వేగంగా కొట్టుకుంటుంది, పై రక్తపోటుకూ కింది రక్తపోటుకూ మధ్య తేడా 20కి, అంతకన్నా తక్కువకు పడిపోతుంది. అప్పటికీ రోగి తెలివిగానే మాట్లాడుతూ ఉండవచ్చు. ‘దిగ్భ్రాంతి’ అని చదివిన ఇంటివాళ్లు ఆయనకు ధైర్యం చెబుతూ కూర్చుంటే ఆ పాపం ఎవరిది?

భౌతికశాస్త్రంలో ‘ఆఘాత తరంగం’ అని సరిగ్గానే ఇచ్చి, ధ్వనికన్నా వేగంగా సాగుతూ పీడనాన్ని ఒక్కసారిగా పెంచే తరంగమని వివరించింది. అయితే 1980లో మ్యూనిక్‌లో తొలిసారి రోగికి చేసిన, మూత్రపిండాల్లో రాళ్లను పగలగొట్టే చికిత్సలో వాడేదీ ఈ తరంగమే. ఆసుపత్రి మాట కనబడగానే యాప్ దానినీ ‘దిగ్భ్రాంతి తరంగ చికిత్స’ చేసేసింది.

అర్థశాస్త్రంలో 1973 నాటి చమురు షాక్‌కు ‘ధరల కుదుపు’ అన్నది. పీపా మూడు డాలర్ల నుంచి కొన్ని నెలల్లోనే పన్నెండుకు చేరువైన సందర్భానికి అది చక్కగా అతికింది. కానీ పోలండ్ 1990 జనవరి 1న ధరల నియంత్రణలు చాలావరకు ఎత్తివేస్తూ మొదలుపెట్టిన ‘షాక్ థెరపీ’ని, అంటే ఆర్థిక సంస్కరణలను ఒక్కసారిగా అమలు చేయడాన్ని, ‘విద్యుదాఘాత చికిత్స’ అనడంతో, ఒక దేశం మొత్తానికి కరెంటు పెట్టినట్టయింది!

ఈ తప్పులన్నీ రాసి పంపితే కృతజ్ఞతలు చెప్పారు గానీ, రెండు నెలలైనా ఒక్కటీ దిద్దలేదు. నా లెక్కలో ఐదుకు రెండున్నర; వాడుక మాటలకు ఉంచుకుంటాను, వైద్య వ్యాసాలకు మాత్రం తెరవను.